ఉతికినాక వేసే మార్కు

ఆడని ఆటకు మీరెప్పుడైనా తీర్పు చెప్పారా లేదా? తల పక్కకు తిప్పుకోకండి. ఫోను ఆటలన్నీ ఒకటే, పిల్లల్ని నాశనం చేసేవే అన్న మాట ఈ నెలలో మీ నోట ఎన్నిసార్లు వచ్చింది? నా నోట ఏకంగా ప్రసంగ వేదిక మీదనే వచ్చింది. ఆ నోరు మూయించిన మా మేనత్త పోయిన గురువారం గుడియాత్తంలో కన్నుమూసింది. ఏడుస్తూ రాయడం లేదు. తల ఎత్తుకుని రాస్తున్నాను.

పరదరామి నుంచి రోజూ బస్సులో చెప్పుల ఫ్యాక్టరీకి వచ్చి కుట్టుపని చేసే ఒక తల్లి, సమాధి మీద పిడికెడు మట్టి వేసి, చెయ్యి దులుపుకుని నా దగ్గరికొచ్చింది.

"అన్నా, పడవల ఆటకు అత్త ఆఖర్న పదికి ఏడు మార్కులు అనింది. ఆ మాట మీదనే మా పాపకు ఫోను ఇచ్చి పనికి పోతా ఉండా. మొన్న ఆట మళ్ళా మారినాదంట. ఆ ఏడు ఇంకా నిలబడతాదా?"

సమాధి దగ్గర ఇదేం ప్రశ్న అని మీకు అనిపించవచ్చు. మా అత్త కష్టమంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

ముప్ఫై ఏళ్లు ఆమె నేతగాళ్ల సంఘం గిడ్డంగిలో లుంగీలు పరీక్ష చేసింది. మగ్గం మీద నుంచి దిగిన ప్రతి లుంగీనీ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, తిరగేసి, తెగిన పోగుల కోసం వేలితో తడిమేది. కొత్త రంగు వస్తే మాత్రం వెంటనే ఏమీ అనేది కాదు. ఒక ముక్క నానబెట్టి, ఉతికి, ఆరేసి, అప్పుడు మొదటి రకమో రెండో రకమో తేల్చేది. "అంగట్లో అన్ని రంగులూ మంచివే నాయనా. తొట్టిలో తెలుస్తాది" అనేది.

పని మానేశాక ఒకసారి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వేలూరులో మా ఇంట్లో ఉండి వైద్యం చేయించుకుంది. కట్టు విప్పాక వేళ్లు ఆడిస్తూ ఉండమని డాక్టరమ్మ చెబితే, మా అమ్మాయి తన ఫోనులో ఆన్‌లైన్ పడవల ఆట పెట్టి చేతికిచ్చింది. నాలుగు ఊళ్ల నుంచి నలుగురు ఒకే పడవ ఎక్కి, సరుకు మునగకుండా తీరం చేర్చాలి. అదీ ఆట. వేళ్లు బాగుపడ్డాయి. అత్త ఆట మానలేదు. గుడియాత్తం తిరిగి వెళ్లి, వాడకట్టు తల్లుల వాట్సాప్ గుంపులో ఆటలకు మార్కులు చెప్పడం మొదలుపెట్టింది. రాసి కాదు, గొంతుతో. తమిళనాడులో బతికే మా వాళ్లకు తెలుగు మాట ఉంది, అక్షరం లేదు. నేనూ ఐదో తరగతితో బడి వదిలి, బైబిలు లేఖనం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నవాణ్ణే.

ఒక ఆదివారం అక్కడి ప్రార్థన మందిరంలో ఆ పడవల ఆట మీద నిప్పులు కురిపించాను. వల అన్నాను, ఉరి అన్నాను, దానికి నేనిచ్చే మార్కు సున్నా అన్నాను. ఆమేన్ అని అందరూ గట్టిగానే పలికారు. కూడిక ముగిశాక గుమ్మం దగ్గర అత్త ఆపింది.

"ఎన్ని దినాలు ఆడినావు నాయనా?"

"ఆడేదేముండాది అత్తా. విషమని తెలిసేదానికి తాగి చూడాల్నా?"

"తాగొద్దులే. సీసా అయినా చేత పట్టినావా?"

"లేదు."

"మరి ఆ సున్నా యాడ దొరికినాది నీకు? దోవలో పడుండిందా?"

చెప్పులు వేసుకుంటున్న వాళ్లంతా నవ్వారు. పూర్తిగా వినకముందే జవాబు చెప్పేవాడికి మిగిలేది సిగ్గేనని లేఖనం. ఆ మాట మీద నేను ఎన్నోసార్లు గొంతు చించుకున్నాను. ఆ గుమ్మంలో అది నన్నే వెదుక్కుంటూ వచ్చింది.

పది రోజులు తన పక్కన కూర్చుని ఆడి, అప్పుడు మాట్లాడమంది. రోజూ పని అయ్యాక వేలూరులో గుడియాత్తం బస్సెక్కి వెళ్లేవాణ్ణి. మొదటి రోజు నాలుగుసార్లు మునిగాను. రెండో రోజు నేను నీళ్లలో పడితే, ఊరూ పేరూ తెలియని ఎవరో తన సరుకు వదిలేసి దూకి నన్ను పైకి లాగారు. నా గుండె కరిగిపోయింది.

"అత్తా, దీనికి పది ఇచ్చేయొచ్చు."

"నిన్న సున్నా, ఈ పొద్దు పదా? నీ కాడ తూకం లేదు నాయనా. ఊపు ఉండాది."

ఆమె తూకం ఎలాంటిదో ఆ పది రోజుల్లో చూశాను. నేను వెంట తెచ్చిన మా అమ్మాయి కొత్త ఫోనులో ఆడిన ఆటనే తన పగిలిన అద్దం ఫోనులో మళ్లీ ఆడేది. మనోళ్ల కాడ ఉండేది ఈ ఫోనే గదా అనేది. సిగ్నల్ తెగితే ఆట ఏం చేస్తుందో చూడాలని పనిగట్టుకుని అడవి దారిన పోయే మోర్ధానా బస్సెక్కింది. దారిలో సిగ్నల్ పోయింది, తోటివాళ్లు మునిగారు, ఆట అత్తను పారిపోయినదాని కింద జమకట్టి శిక్ష వేసింది. "దీపం ఆరిపోయినోణ్ణి దొంగ అంటా ఉండాది ఇది" అని ఒక మార్కు కోసింది. ఓడిన కోపంతో మార్కు వేసేది కాదు. గెలిచిన సంబరంతోనూ వేసేది కాదు. "అన్నం తినిరా, ఆమీద చెప్దాం."

పదో రోజు ఎనిమిది అంది. ఇంకో మార్కు ఎందుకు పోయిందో కూడా చెప్పింది. తెలియనివాళ్ల గొంతులు పిల్లల చెవిలో పడే మీట ఒకటుంది, అది మూసి ఇవ్వండి అంది. ఆ ఆదివారం నేను అదే వేదిక ఎక్కి నా సున్నాను అందరి ముందూ వెనక్కి తీసుకున్నాను.

ఆన్‌లైన్ ఆట ఒకసారి తయారై ఆగిపోయేది కాదు. చేతికొచ్చాక కూడా మారుతూనే ఉంటుంది. అలా మారిన ప్రతిసారీ అత్త దాన్ని ఒక ఉతుకు అనేది. మూడో ఉతుకులో రంగు దిగింది. లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే అదృష్టం పెట్టెలు వచ్చాయి. అవి కొన్నవాడి పడవ మునగదు, కొననివాడిది తేలదు. ఆ వారమే గుంపులో ఆమె గొంతు వచ్చింది.

"నా ఎనిమిది నమ్మినోళ్లు ఇనండి. ఆ పొద్దు అది ఎనిమిదే. ఈ పొద్దు నాలుగు. నేను అబద్ధం చెప్పలేదు, ఆట మారినాది."

నేను ఊరుకోలేదు. "చూసినావా అత్తా, ముందే సున్నా అన్లేదా నేను?"

"కండ్లు మూసుకోని ఇసిరిన రాయి మామిడికాయకు తగిల్తే, దాన్ని గురి అంటారా నాయనా?"

ఆ నాలుగు సంగతి ఎవరి ద్వారానో ఆట ప్రచారం చూసే మనిషి చెవిన పడింది. మార్కు పెంచితే ఆ పెట్టెలు కావలసినన్ని ఊరికే ఇస్తానని ఫోను చేశాడు. అత్త వద్దంది. అంతటితో ఊరుకోక గుంపులో చెప్పింది. "నాకు ఇస్తామన్నారు, తీసుకోలేదు. అయినా ఇకమీద నా మాట రవంత అనుమానంగానే ఇనండి." లంచం చూపున్నవాడి కళ్లను కప్పేస్తుందని వాక్యం. నేను దాన్ని చదివి వినిపించాను. తన కళ్లను కూడా అనుమానించమని నలుగురికీ చెప్పిన మనిషిని మాత్రం మా అత్తనొక్కదాన్నే చూశాను. గర్వం పాపమని బోధించేవాణ్ణి. ఈ ఒక్క గర్వానికి మాత్రం క్షమాపణ అడగను.

తర్వాతి ఉతుకులో ఆ పెట్టెలు తీసేశారు. అత్త మళ్లీ పది రోజులు ఆడి ఏడు అంది. పాత కోపం కలుపుకుంటే ఐదు అనవచ్చు. అనలేదు. అదే ఆమె ఆఖరి మార్కు.

ఇప్పుడు ఆట ఇంకోసారి మారింది. గుంపులో ఆమె గొంతు ఇంకా ఏడు అంటూనే ఉంది. అన్న రోజున అది నిజం. ఇవాళ నిజమో కాదో ఎవరూ చూడలేదు. బతికినంత కాలం తప్పుడు మాట చెప్పని మనిషి చేత, పోయాక మనం అబద్ధమాడిస్తామా? దొంగ తూకం దేవునికి అసహ్యం. నిన్నటి తూకపురాయి అరిగిందేమో చూడకుండా ఇవాళ తూచడం కూడా దొంగతనమే అంటాను నేను.

ఆ తల్లికి కబురు పంపాను. "పది దినాలు ఓర్చుకో చెల్లెమ్మా. నేను ఆడి చెప్తా. అంతవరకు ఆ ఏడును నమ్మొద్దు." నాకు ఇవాళ మూడో రోజు. కానీ ఆట ఒక్కటి కాదు, నేను ఒక్కణ్ణి. కాబట్టి మీతోనే చెబుతున్నాను. ఈ సాయంత్రం మీ పిల్లల చేతిలో ఫోను లాక్కోకండి. పక్కన కూర్చుని, నాకూ నేర్పమని అడగండి. ఓడిపోండి. వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. అన్నం తిని మళ్లీ ఆడండి. పది రోజులు నిండాక మార్కు చెప్పండి, ఎక్కడ ఎందుకు కోశారో చెప్పండి, మారితే మారిందని చెప్పండి. ఆ పదిలో మొదటి రోజు రేపు కాదు.

ఐదున్నరకు ఫ్యాక్టరీ గేటు తెరుస్తారు. జిగురు అంటిన వేళ్లతో తల్లులు బయటికి వస్తారు, నడుస్తూనే ఫోను చెవికి పెట్టుకుంటారు. వాళ్లకు నిజం చెప్పే గొంతు ఒకటి కావాలి. లేవండి, ఈ రోజే మొదలుపెట్టండి.