మా బావకు దివాన్ వెతికిన రోజు

మా బావ సిటీ బస్సు కండక్టరు. ఆయన బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోయినవాడు ఇంతవరకు లేడు. టికెట్టు ఇచ్చేటప్పుడే ఎవరెక్కడ దిగాలో మనసులో రాసుకుంటాడు. స్టాపు కాస్త దూరం ఉండగానే సీటు కడ్డీ మీద నాణెంతో టకటకా కొట్టి, "లే నాయనా, నీది వచ్చేసింది" అంటాడు. గురక పెట్టేవాడినైనా వదలడు. ఒకసారి నేను ఊరికే కళ్లు మూసుకుని కూర్చుంటే, నా చెవి దగ్గరే కొట్టాడు. సొంత బావమరిదినని కూడా చూడలేదు.

అలాంటి మనిషికి నిద్రంటేనే వణుకు పట్టుకుంది.

చలికాలంలో ఆయనకు గుండెపోటు వచ్చింది. అదీ నిద్రలో, మంచం మీద. మా అక్క పక్కింటివాళ్ల కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్టెంటు వేసి, ఇక ఫరవాలేదు, హాయిగా ఉండండి అని పంపించారు. హాయి సంగతి దేవుడెరుగు, ఇంటికొచ్చాక పడకగదిలో అడుగు పెడితే ఒట్టు. ముందు గదిలో వీధి తలుపు పక్కకి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, రాత్రంతా అందులోనే కూర్చునేవాడు.

"పడుకుంటే మళ్లీ లేస్తానో లేదోరా" అన్నాడు నాతో.

"ఊళ్లోవాళ్లందర్నీ లేపావు. నిన్ను లేపేవాళ్లు లేరా బావా?" అన్నాను నవ్వించబోయి.

"అదేరా నా భయం" అన్నాడు. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

నేను దర్జీని. మా ఇల్లు వాళ్ల ఇంటిని ఆనుకునే ఉంటుంది. గోడ అవతల ఆయన దగ్గితే ఇవతల నా మిషను ఆగిపోయేది. మళ్లీ దగ్గు వినిపించేదాకా పెడల్ మీద కాలు కదిలేది కాదు. అక్క మాత్రం లోపలి గదిలోంచి "ఏమండీ, ఉన్నారా?" అని పిలుస్తూనే ఉండేది. ఆయన "ఊఁ" అనేవాడు. కాసేపటికి మళ్లీ అదే పిలుపు, మళ్లీ అదే "ఊఁ".

"మీ అక్క నన్ను కునుకు తియ్యనివ్వట్లేదురా" అని నా దగ్గర మొరపెట్టుకునేవాడు. నాకూ అక్కది చాదస్తమే అనిపించేది.

ఇంతలో పులి మీద పుట్రలా ఆయన కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. "కుర్చీలో నిద్రేమిటండీ? కాళ్లు చాచి పడుకోకపోతే గుండె మీదికి వస్తుంది" అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. పడుకుంటే పోతానని ఆయన భయం, పడుకోకపోతే పోతాడని మా భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఉపాయం అక్కదే. "మంచం వద్దంటే మానెయ్యండి. దివాన్ తెచ్చుకుందాం. ముందు గదిలోనే, మీ తలుపు పక్కనే వేస్తాం. కూర్చోవడానికే. కాళ్లు చాపాలనిపిస్తే చాపండి, లేకపోతే లేదు" అంది. చిన్నపిల్లాడికి మందు మింగించే గొంతు. ఆయన సరేనన్నాడు. కొలతలకని నేను నా టేపు మెడలో వేసుకుని బయల్దేరాను.

మొదటి కొట్లో అన్నీ పాతకాలపు సామాన్లు. నల్లగా నిగనిగలాడే దివాను చూపించారు, కోళ్ల నిండా చెక్కిన లతలు. బావ అంచున కూర్చుని చెక్కను నిమిరాడు. ముఖం కాస్త తేటపడింది. హమ్మయ్య అనుకునేలోపు కొట్టాయన నోరు విప్పాడు.

"వందేళ్ల నాటిదండీ. ఓ జడ్జిగారిది. చివరి రోజుల్లో దీన్ని వదిలితే ఒట్టు. పోవడం కూడా దీని మీదే, నిద్రలో. ఎంత ప్రశాంతంగా పోయారో!"

బావ నిప్పు తొక్కినట్టు లేచాడు. వీధిలోకి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ కొట్టాయన నాలుక మీద వాత పెట్టాలనిపించింది నాకు.

రెండో కొట్లో మరీ అంత పాతవి కావు, మా అమ్మ పెళ్లినాటివి అనుకోండి. పేము అల్లిక దివాను ఒకటి నాకు నచ్చింది. వంగి అడుగున చూశాను, అతుకులు బిగువుగా ఉన్నాయి, పురుగు లేదు. పరుపు మాత్రం నడిమధ్య గుంటపడింది. బావ ఆ గుంటలో అరచెయ్యి పెట్టాడు.

"ఇక్కడెవరో ఉన్నార్రా."

"ఉన్నారు కాదు బావా, ఉండేవారు" అన్నాను. నా నోటికి మాత్రం తాళం ఉందా? ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని చొక్కాకి తుడుచుకున్నాడు. అక్క నన్ను చూసిన చూపుకి టేపు తీసి జేబులో పెట్టేసుకున్నాను.

మూడోది పెద్ద షోరూము. అన్నీ కొత్త రకాలు. సేల్స్ కుర్రాడు ఒకదాని మూత ఎత్తి, "కింద పెట్టె ఉంది సార్, మనిషి పట్టేంత" అని గొప్పగా చూపించాడు. బావ వెనక్కి తగ్గాడు. "ఇంటికి పోదాం పదండి" అన్నాడు.

"ఉండండి. దీనికి పెట్టె లేదు, చరిత్ర లేదు" అంటూ అక్క పక్కనున్న సాదా దివాను చూపించింది. మోకాలెత్తు, తలవైపు వాలు. "ఏమీ కాదు, నేను పడుకుని చూపిస్తాను" అని చెప్పులు విప్పి ఒరిగింది. బావ కొలతలు చూస్తూ నిలబడ్డాడు. నేను స్పాంజి గట్టిదనం గురించి ఆ కుర్రాడితో వాదనకి దిగాను.

"ఏమే" అన్న పిలుపు వినిపించింది.

"ఏమే!"

తిరిగి చూశాను. అక్క నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెయ్యి కిందికి వేలాడుతోంది. బావ జేబులోంచి నాణెం తీసి దివాను కోడు మీద కొడుతున్నాడు, టకటకా, టకటకా. నాణెం వేళ్లలోంచి జారి ఎటో దొర్లిపోయింది. ఆయన మోకాళ్ల మీద పడి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టాడు. భయపడాల్సింది ఈమె కోసమా, ఇన్నాళ్లూ ఈమెను చూడనేలేదా అనిపించింది.

అక్క కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం గాల్లో వెతుక్కుని, బావ మణికట్టు దొరకగానే గట్టిగా పట్టుకుంది.

"ఏమండీ... ఉన్నారా?"

"ఉన్నానే" అన్నాడు బావ.

ఆ మాట వినీ వినకముందే మళ్లీ నిద్రలోకి జారిపోయింది. నెమ్మదిగా గురక కూడా మొదలైంది.

బావ నా వైపు చూశాడు. "ఇది నిద్రపోయి ఎన్నాళ్లైందిరా?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. గోడ ఇవతల ఉండి రోజూ ఆ పిలుపులు విన్నవాణ్ని, చాదస్తమనుకున్నవాణ్ని నేనే.

మణికట్టు విడిపించుకోకుండానే ఆయన దివాను అంచున కూర్చున్నాడు. కాసేపటికి వాచిన కాళ్లు ఒక్కొక్కటే పైకి తీసి చాపుకున్నాడు. షోరూము దీపాలు ఒక్కో వరసా ఆరుతుంటే కుర్రాడు వచ్చాడు.

"మూసేస్తున్నాం సార్. మేడమ్‌ని లేపండి."

జన్మలో ఎవర్నీ స్టాపు దాటనివ్వని మా బావ పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఆవిడ స్టాపు ఇంకా రాలేదు బాబూ" అని మెల్లగా అని, ఆమె పక్కనే తల వాల్చాడు.