ప్రశ్నలో ఎండ ఉందా?

మా టీచరమ్మ పోయారని ఫోనొచ్చినప్పుడు నేను దర్శి అవతల ఒక మిరప చేలో ఉన్నాను. వ్యవసాయ శాఖలో నాది చిన్న ఉద్యోగం, చేలు తిరగడమే పని. ఫోన్ చేసింది ఆవిడ చెల్లెలు. మేమంతా పిన్నిగారు అంటాం. "అక్క తెల్లారగట్ల నిద్దట్లోనే పోయిందమ్మా. నిన్న సాయంత్రం కూడా పిల్లల మీద అరిచింది. అన్నం తిని పడుకుంది, అంతే," అన్నారు. చేను గలాయన నా మొహం చూసి, "ఏందమ్మా, ఏమైంది?" అన్నాడు. "మా ఊరి లెక్కల టీచరమ్మ పోయారంట," అన్నాను. ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. "ఎవరూ, ఎండ టీచరుగారా? మా పెద్దదానికి ఆమే గదా చెప్పింది!" అన్నాడు. ఇద్దరం ఆ చేలోనే నిలబడి కాసేపు ఏడ్చాం.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు గొంతు తగ్గించి రాయాలంటారు. నా వల్ల కాదు, ఏమీ అనుకోకండి. ఆవిడ గురించి మెల్లగా చెబితే అది ఆవిడ గురించి చెప్పినట్టే కాదు. పిల్లలకి లెక్క వస్తే గంతేసేవారు, రాకపోతే ఇంకా పెద్ద గంతేసేవారు. ఆ గొంతు వీధి చివర సోడా బండి దాకా వినపడేది. కొత్తవాళ్లు విని, పాపం ఎవర్నో తిడుతున్నారనుకునేవాళ్లు. తిట్టడం కాదండీ బాబూ, అది సంతోషం!

ఆవిడ మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. సాయంత్రం బడి వదిలాక నాలుగో తరగతి పిల్లల్ని తన వరండాలో కూర్చోబెట్టుకుని గురుకులం ప్రవేశ పరీక్షకి తయారుచేసేవారు. రిటైరయ్యాక బడి మానేశారు గానీ వరండా మానలేదు. కొంగు చివర ముడిలో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. మా అక్క పెళ్లికి పట్టుచీర కట్టుకొచ్చారు, దాని కొంగుకీ ముడే. భోజనాల బంతిలో పక్కన దొరికిన పిల్లలకి అరిసెల మీద లెక్కలు వేసి, జవాబు చెప్పిందాకా తిననివ్వలేదు.

ఆ వరండాలో ఒకే ఒక్క కుర్చీ ఉండేది. ప్లాస్టిక్ వైరుతో అల్లింది. పచ్చ వైరు తెగిన చోటల్లా నీలం వైరు వేసి అల్లించారు. అది ఆవిడ కూర్చునే కుర్చీ కాదు, తప్పు చేసినవాళ్ల కుర్చీ. ఎవరికి జవాబు తప్పొస్తే వాళ్లు దర్జాగా ఎక్కి కూర్చోవాలి. ఆవిడ మాతోపాటు కింద చాప మీద చేరి, తలెత్తి ఆ పిల్ల వంక చూస్తూ, "ఇప్పుడు చెప్పమ్మా, ఆ జవాబు నీకెట్టా వచ్చింది?" అని అడిగేవారు. "తప్పు ఊరికే ఊడిపడదే. ఎక్కణ్ణుంచో బయల్దేరి వస్తుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో అది చెప్పు నాకు," అనేవారు. రైటు చెప్పినవాళ్లకి ఆ భాగ్యం లేదు. కుర్చీ కోసం కావాలని తప్పు చెప్పే దొంగలు కూడా ఉండేవాళ్లు, వాళ్లని ఇట్టే పట్టేసేవారు.

నేనైతే ఆ కుర్చీలో కాపురమే పెట్టాను. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు చకచకా చేసేదాన్ని. మాటల్లో కథలాగా ఇచ్చే రాత లెక్క వచ్చిందా, ఇక నా పని అంతే సంగతులు! ఆరుగురు కూలీలు ఒక చేను నాలుగు రోజుల్లో కోస్తే పన్నెండు మంది ఎన్ని రోజుల్లో కోస్తారు? నాలుగు రోజులే అన్నాను. "పన్నెండు మందైతే కబుర్లు ఎక్కువ టీచర్, మా అక్క చెప్పింది." గంటకి నలభై కిలోమీటర్లు పోయే బస్సుకి ఎనభై కిలోమీటర్లు పోవడానికి ఎంతసేపు? మూడు గంటలు. "మధ్యలో టీకి ఆపుతాడు గదా టీచర్!" ఆవిడ తొడ చరుచుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు.

ఎందుకంటే మా నాన్న ముందే చెప్పేశాడు. "సీటొస్తే పో, హాస్టల్లో ఉండి మారాణిలా చదువుకో. రాకపోతే అక్కతోపాటు కోతల్లోకి దిగు. నేను చెయ్యగలిగింది అంతేనే." మా నాన్న చెడ్డవాడు కాదు. మాది కౌలు మిరప చేను, ఇంటిల్లిపాదీ దిగితేగాని కోత తెమలదు. అక్క అప్పటికే బడి మానేసి కాయ కోస్తోంది. సాయంత్రం వచ్చి మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. నేను అన్నం తింటూ ఆ చేతుల్నే చూస్తుండేదాన్ని.

ఇక ఆ మోడల్ పేపరు సంగతి. ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది నాకు. ఒక రైతు 800 కిలోల పండు మిరపకాయలు కోసి, బస్తాకు 40 కిలోల చొప్పున నింపాడు, ఎన్ని బస్తాలు అయ్యాయి? ఎ, ఇరవై. బి, పది. సి, ముప్ఫై. డి, అయిదు. ఆ ప్రశ్న రాసినాయన నాలుగో జవాబు ఏదో ఒకటి ఉండాలి గదా అని అయిదు అని పడేసి ఉంటాడు. నాకు మాత్రం ఆ అయిదు కనపడగానే ప్రాణం లేచొచ్చింది! డి గుండ్రాన్ని నల్లగా, నిండుగా నింపేశాను.

కుర్చీ ఎక్కాను. "పండుకాయలు అట్టాగే బస్తాకెత్తితే బూజు పట్టవా టీచర్? ముందు కల్లంలో ఎండబొయ్యాలి. నాలుగు కిలోల కాయ ఎండితే కిలోకి దిగుద్ది. ఎనిమిది వందలు కాస్తా రెండొందలు అవుద్ది. రెండొందలకి అయిదు బస్తాలే గదా," అన్నాను.

చాప మీంచి లేచి నిలబడ్డారు టీచరమ్మ. "ఒసేయ్! రెండు భాగహారాలు చేసి మరీ తప్పు చేశావే! ఇరవై అన్నవాళ్లంతా ఒక్కటే చేశారు!" అని వరండా దద్దరిల్లేలా అరిచి, నా చెయ్యి పట్టుకుని మా కల్లానికి లాక్కుపోయారు. మా అమ్మానాన్నా అక్కడ కాయలు తిరగేస్తున్నారు. టీచరమ్మ ఘాటుకి నాలుగు తుమ్ములు తుమ్మి, ఆ ప్రశ్న మా నాన్నకి చదివి వినిపించారు.

"అయిదే గదమ్మా," అన్నాడు నాన్న. "కాయ మంచిదైతే ఇంకాస్త తూగుద్దేమో. ఇరవై ఎట్టొస్తయ్యి? కాయ ఎండదా?"

"అయిదే," అంది అమ్మ కూడా, తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పడేస్తూ.

"బాగుంది! ఇంటిల్లిపాదికీ సున్నా!" అని ఆవిడ పకపకా నవ్వారు. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నవ్వు ఆపి, "దీని పేపరు దిద్దేది మిషనయ్యా. దానికి మీ కల్లం తెలీదు, ఎండా తెలీదు. ఇది ఇట్టాగే రాస్తే సీటు పోద్ది," అన్నారు. నాన్న కాయలు తిరగేయడం ఆపేశాడు.

ఆవిడ నా ముందు గొంతుక్కూర్చుని పేపరు నా చేతిలో పెట్టారు. "మళ్లీ చదవ్వే. ప్రశ్నలో ఎండ ఉందా?"

చదివాను. పైకీ కిందకీ వెతికాను. "లేదు టీచర్."

"మరి కాయలెట్టా ఎండినయ్యి?"

నాకు ఏడుపొచ్చేసింది. "అయితే నాకు తెలిసిందంతా తప్పేనా టీచర్?"

"తప్పని ఎవరన్నారే పిచ్చిమొహమా! నీ ఎండ ఎక్కడికీ పోదు. పరీక్షకి పోయేటప్పుడు గేటు బయట పెట్టి పో. అయిపోయాక వచ్చి తీసుకో."

అదిగో, ఎండ టీచరు అన్న పేరు అప్పుడు పుట్టింది, నా వల్లే పుట్టింది. గొప్పలే చెప్పుకుంటున్నాను, ఎందుకు చెప్పుకోకూడదు? మర్నాటినుంచి మా వరండా అంతా అదే గోల. ఎవరు కుర్చీ ఎక్కినా మిగతావాళ్లంతా ఒక్కసారిగా, "ప్రశ్నలో ఎండ ఉందా? ప్రశ్నలో టీ ఉందా? కబుర్లు ఉన్నాయా?" అని అరిచేవాళ్లం. ఇంకో అలవాటు కూడా నేర్పారు. రాత లెక్క చదివేటప్పుడు అంకెల మీద బొటనవేలు మూసిపెట్టాలి. ముందు కథ చెప్పాలి, వేలు తర్వాత తియ్యాలి. సీత చెల్లెలికి కొన్ని రిబ్బన్లు ఇచ్చింది, ఇంకా కొన్ని మిగిలాయి, మొదట ఎన్ని ఉన్నాయి? "ఇచ్చింది" అని కనపడగానే తీసేసేవాళ్లు, "మొత్తం" అని కనపడగానే కూడేసేవాళ్లు, వేలు పెట్టగానే ఆగేవాళ్లు. నిజంగా రిబ్బన్లు తెప్పించి ఆడించేవారు. రిబ్బన్లు చాలకపోతే తన జడలోది కూడా విప్పి ఇచ్చారొకసారి.

ఇది కూడా చెప్పాలి. ఆ మోడల్ పేపర్ల పుస్తకం వేసినవాళ్లకి ఆవిడ ఫోన్ చేశారు. మేమంతా చుట్టూ మూగి విన్నాం. "నాయనా, పండుకాయలు బస్తాకెత్తకండి, ఎండుకాయలని రాయండి. మా పిల్లలకి ఆ రైతు మీద జాలేస్తోంది," అన్నారు. అవతలివాళ్లు ఏమన్నారో తెలీదు, మేం మాత్రం పడీ పడీ నవ్వాం.

పరీక్ష రోజు మమ్మల్ని ఒక ఆటోలో కుక్కి దర్శి తీసుకెళ్లారు. గేటు దగ్గర నా చెవిలో, "లోపల ఎండుండదు. నేను ఇక్కడ ఎండలోనే నిలబడి ఉంటా. పో," అన్నారు. లోపల అన్నీ బాగానే వచ్చాయి గానీ ఒక దగ్గర ఆగిపోయాను. ఒక మోటారు రెండు గంటల్లో సగం తొట్టి నింపితే, ఖాళీ తొట్టి నిండడానికి మొత్తం ఎన్ని గంటలు? మా చేలో మోటారు రెండు గంటలు ఆగకుండా తిరిగిన రోజు నాకు తెలీదు. ఆరు అని కూడా ఉంది జవాబుల్లో. పెన్ను ఆరు మీదికి పోతోంది. మా అక్క చేతులు గుర్తొచ్చాయి. బొటనవేలు తీసుకెళ్లి అంకెల మీద పెట్టాను. వెతికాను. ప్రశ్నలో కరెంటు పోలేదు. ఎక్కడా పోలేదు! నాలుగు నింపేశాను.

బయటికొచ్చి చూస్తే పెద్దవాళ్లంతా గోడ నీడన ఉన్నారు. ఆవిడొక్కరే నడి ఎండలో, జాకెట్టు తడిసిపోయి నిలబడి ఉన్నారు.

"మోటారు లెక్కొచ్చింది టీచర్!"

"అయ్యయ్యో! కరెంటు పోయిందా?"

"పోలేదు టీచర్! అస్సలు పోలేదు!"

నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పేశారు. అంత బరువు మనిషి, అంత ఎండలో!

సీటొచ్చిందన్న కబురు కూడా ఆవిడే మా కల్లానికి మోసుకొచ్చారు, చెప్పులు ఎక్కడో వదిలేసి. నాన్న కుడుతున్న బస్తా మీద అలాగే కూలబడ్డాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, కొంగుకున్న కారం తగిలి కెవ్వుమంది. అక్క నన్ను పట్టుకుని ఎగిరింది. టీచరమ్మ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, "ఉండండి, ఇంకా అయిపోలేదు. ఏమే, పరీక్ష అయిపోయింది గదా? ఇప్పుడు ఎండ ఉంది గదా? ఎనిమిది వందల కిలోలు, ఎన్ని బస్తాలు?" అన్నారు.

"అయిదు!" అని అరిచాను.

"రైటు!" కొంగు ముడి విప్పి సుద్దముక్క తీసి, మా నాన్న కుట్టిన బస్తా మీద ఇంతెత్తున టిక్కు పెట్టారు. ఆ బస్తాని నాన్న మిర్చి యార్డుకి అన్నిటికన్నా చివర పంపాడు.

మొన్న అంతా అయిపోయాక నేను వాళ్లింట్లోనే ఉండిపోయాను. సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర ఈ ఏటి పిల్లలు, చేతుల్లో పరీక్ష అట్టలు. లోపలికి రారు, ఇంటికి పోరు. ఆదివారం పరీక్ష. పిన్నిగారు వాళ్లని చూసి, నన్ను చూసి, "ఇట్టాంటి రోజుల్లో ఇంట్లో క్లాసేంటని ఊళ్లో అంటారేమో. కుర్చీ పట్టుకుని పక్క కల్లానికి పో. పిల్లల పరీక్ష ఆగుద్దా? అక్క ఊరుకుంటుందా?" అన్నారు.

కల్లమంతా ఎర్రగా కాయలు. ఒక అంచున పట్ట పరిచి పిల్లల్ని కూర్చోబెట్టాను. కుర్చీ పక్కన పెట్టాను, దాని వంక చూడకుండా పిల్లల వైపు తిరిగాను. నాకు నోటికొచ్చింది ఒకే ఒక్క లెక్క. "ఒక రైతు ఎనిమిది వందల కిలోల పండు మిరపకాయలు కోసి, బస్తాకి నలభై కిలోల చొప్పున నింపాడు. ఎన్ని బస్తాలు?"

"ఇరవై!" అన్నారు అందరూ. "అయిదు!" అంది ఒక పిల్ల, రెండు జడలది, ముందు వరసలో.

కల్లం ఎగిరిపోయేలా అందరూ ఒక్కసారే అరిచారు. "ప్రశ్నలో ఎండ ఉందా?"

"లేకపోతే నేను ఎండబెట్టుకుంటా!" అని ఆ పిల్ల ఇంకా గట్టిగా అరిచింది. అరిచి కూర్చోలేదు. నిలబడి నా వంక చూసింది, కుర్చీ వంక చూసింది, మళ్లీ నా వంక చూసింది.

"చూస్తావేంటే? ఎక్కు," అన్నాను.

ఎక్కింది. నేను కింద పట్ట మీద, పిల్లల మధ్యలో కూర్చుని తలెత్తాను. "ఇప్పుడు చెప్పమ్మా, ఆ జవాబు నీకెట్టా వచ్చింది?"

"ముందు నారు పొయ్యాలక్కా," అని అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. కాళ్లు ఇంకా నేలకి అందడం లేదు, ఊపుకుంటూ చెబుతోంది.