సువార్తమ్మ పుంజు: తప్పా, ఒప్పా?

గురజాల దగ్గర మిరపకోతలకు వెళ్ళే సువార్తమ్మ కడుపులో ఏడాదిగా ఒక పగ రగులుతోంది. ఆమె ముద్దుగా పెంచుకున్న నల్ల పుంజును పక్కింటి సంఘపెద్ద ఏలియా కోయించుకు తిన్నాడు. అడిగితే ఎరగనన్నాడు. పైగా చర్చిలో అందరి ముందూ ఆమెనే అబద్ధాలకోరు అన్నాడు. అప్పటిదాకా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే; ఆనాటి నుంచి ఆమెను ఎత్తుకోమన్న వాళ్ళు లేరు.

ఈ క్రిస్మస్‌కు చర్చిలో పెట్టిన బైబిల్ క్విజ్‌లో ప్రశ్నలడిగే వంతు సువార్తమ్మకు వచ్చింది. చూడండి మరి, దేవుడి లీల! అక్కడ పద్ధతి ఒకటే: ఒప్పయితే లేవాలి, తప్పయితే కూర్చోవాలి.

"నోవహు ఓడ కట్టాడు." అందరూ లేచారు.

"యోనాను సింహం మింగింది." అందరూ నవ్వుతూ కూర్చున్నారు.

"మా నల్ల పుంజు ఏలియా పెద్దయ్య ఇంట్లో ఉడికింది."

నవ్వులు ఆగిపోయాయి. ఏలియా సగం లేచాడు.

"అది గాదమ్మా, అదే మా దొడ్లోకొచ్చి, కుక్క కరిచి..."

"కథ అడగలా పెద్దయ్యా! లెగుస్తావా, కూర్చుంటావా? మధ్యలో ఆ వంగుడేంది?"

ఆయన చతికిలబడ్డాడు. పక్కనే ఆయన భార్య దీనమ్మ మాత్రం నిటారుగా లేచి నిలబడింది. ఏటా క్విజ్ గెలిచేది ఆమే.

"ఏమే, కూర్చో!" కొంగు లాగాడు ఏలియా.

"వండింది నేనే గదయ్యా. తప్పు జవాబెట్టా చెప్పేది?"

"దీనమ్మక్కకు మార్కు," అంది సువార్తమ్మ. బోర్డు మీద ఏలియా పేరు పక్కన, వెనక బెంచీకి కూడా కనపడేంత పెద్ద సున్నా చుట్టింది. సుద్దముక్క పారేసి, ఎవరూ అడక్కుండానే పాట ఎత్తుకుంది.