మిల్లులో మా ఆయన మాటలు

మా ఆయన ఇరవై ఎనిమిదేళ్ళుగా జిన్నింగు మిల్లులో పత్తిలోంచి గింజలు వేరుచేసే యంత్రం నడుపుతున్నాడు. ఇంటికొస్తే ఒంటినిండా దూది నూగు, నోట మాట ఉండదు. పది అడిగితే ఒకదానికి "ఊఁ" అంటాడు, అదీ అడగని దానికి. గోడతో కాపురం! విసిగిపోయాను. వచ్చే వారం వెళ్ళి కూతురి దగ్గరే ఉండిపోతానని తేల్చి చెప్పేశాను. దానికీ "ఊఁ" అన్నాడు.

పనివాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి మిల్లు చూడొచ్చని యజమాని కబురు పెట్టాడు. కూతురు ఫోనులో పట్టుబట్టింది.

"నాన్న పని ఒక్కసారైనా చూడవే అమ్మా."

"చూసి ఎవర్ని ఉద్ధరించాలి?" అంటూనే కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను.

షెడ్డులో అడుగుపెట్టగానే చెవులు గింగురుమన్నాయి. రెండు వరుసల్లో ఇరవై యంత్రాలు. పైనుంచి పత్తి పడుతుంటే రోలర్లు దూదిని లాగేసుకుంటున్నాయి, గింజలు కిందికి రాలుతున్నాయి. దూది అవతలి గదికి పోయి, నొక్కి కట్టిన బేళ్ళవుతుందని మేస్త్రీ చూడవచ్చిన మా చెవుల్లో అరిచి చెప్పాడు. నేను మా ఆయన్నే చూస్తున్నాను.

ఆయన మాట్లాడుతున్నాడు, చేతులతో! వేలు గిర్రున తిప్పితే రోలరు వేడెక్కిందని, చెంప తడితే పత్తి చెమ్మగా ఉందని అర్థమట, మేస్త్రీ చెప్పాడు. అవతలి వరుసవాడు ఏదో సైగ చేస్తే కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ నవ్వు ఇంటికి తెస్తే అరిగిపోతుందా?

భోజనాల వేళకి యంత్రాలు ఆగాయి. "ఏమయ్యా!" అని వెనకనుంచి కేకేశాను. షెడ్డులో అందరూ తిరిగి చూశారు, ఆయన తప్ప. తీరిగ్గా రోలరు తుడుచుకుంటున్నాడు.

"ఆయనకి వినబడక ఐదారేళ్ళయింది కదమ్మా. ఇంట్లో తెలీదా?" అన్నాడు మేస్త్రీ. "ఇక్కడ మాకెవరికీ ఇబ్బంది లేదు. మా మాటలన్నీ చేతులతోనే."

"చెవుడొచ్చిందా?" అని ఎన్ని వందలసార్లు అరిచానో. నేను వెళ్ళిపోతున్న సంగతి కూడా ఆయనకి తెలియదన్నమాట.

వెళ్ళి భుజం తట్టాను. నా చెవి చూపించి, ఏమిటిదని చెయ్యి తిప్పాను. ఆయన తల దించుకున్నాడు.

"చెబితే పని మాన్పిస్తావని చెప్పలేదే," అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.

మేస్త్రీ వైపు తిరిగాను. "నేనెక్కడికీ వెళ్ళనని చేతులతో ఎలా చెప్పాలయ్యా?"

"పనికీ పరాచికాలకీ సైగలున్నాయి గానీ, ఇలాంటి వాటికి మా దగ్గర లేవమ్మా."

ఏడుపు తన్నుకొచ్చింది. మా ఆయన చెయ్యి పట్టుకుని అక్కడే కూలబడ్డాను. యంత్రాలు మళ్ళీ తిరగబోతున్నాయని మేస్త్రీ రెండుసార్లు చెప్పినా వదల్లేదు.