ఇసుకలో తీసిన కొలత

ఏడేళ్ళుగా ఒక గుర్రం కాలు నా గుండెల మీద ఉంది. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. సొరచేపను చెవి పట్టుకుని ఒడ్డుకు నడిపించానని చెప్పినవాణ్ణి మరి. మీరు నమ్మకపోయినా తప్పు పట్టను. చివరిదాకా చదవండి, చాలు.

మా దీవిలో, ఆస్టినాబాద్‌లో, మా పక్కింటి అప్పన్న చేపల వేట మానేసి, పడవ అమ్మి మోతీ అనే తెల్ల గుర్రాన్ని కొన్నాడు. బీచిలో పిల్లల్ని తిప్పడం, పెళ్ళిళ్ళలో వరుణ్ణి ఎక్కించడం, ఆ ఇంటి తిండి అదే. నాడాలు కొట్టేవాడు మాకు దొరకలేదు. ఉత్త కాళ్ళతో ఇసుకలో బాగానే నడిచేది గానీ, కంకర తేలిన రోడ్డు మీద ఒక్కో అడుగూ వెతుక్కుని వేసేది. గుర్రాలకు రబ్బరు బూట్లుంటాయని, గిట్ట కొలత పంపితే చెన్నై నుంచి ఓడలో వస్తాయని ఎవరో చెప్పారు.

కొలత తీయమని అప్పన్న నన్నే అడిగాడు. కుర్రతనంలో మెయిన్‌లాండ్‌లో పందెపు గుర్రాలను సాకానని నేనే చెప్పుకున్నాను కదా. సాకలేదు. దూరం నుంచి చూశాను, అంతే. గిట్టను ఎత్తి పట్టుకుని అడుగువైపు పొడవూ వెడల్పూ కొలవాలట. వంగి కాలు అందుకోబోతే మోతీ చెవులు వెనక్కి వేసింది. నా చెయ్యి తనంతట తనే వెనక్కి వచ్చేసింది.

ఓడెక్కేవాళ్ళతో చెప్పులు తెప్పించుకోవాలంటే మా పేటలో తడి ఇసుకలో పాదం దించి, ఆ అచ్చు పొడవున వలదారం తెంపి ఇస్తాం. మనుషులకు చెల్లింది గుర్రానికి చెల్లదా? అప్పన్న లేనప్పుడు దాన్ని తడి ఇసుకలో నడిపించి అచ్చు కొలిచాను. అంచులు విరిగి అచ్చు గిట్టకంటే పెద్దదైందని నాకు అప్పుడే కనిపించిందా, లేక తర్వాత జరిగినదంతా చూశాక కనిపించినట్టు అనిపిస్తోందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలడం లేదు.

బూట్లు వచ్చాయి. పట్టీ బిగించినా కాలి చుట్టూ తిరిగాయి.

“ఏటి భయ్యా, ఇలాగ తిరిగిపోతంది? సైజు పెద్దదేటి?” అన్నాడు అప్పన్న.

“అరే, నడిస్తే గుర్రం కాలు ఉబ్బుతాది. టైటుగా ఉంటే రక్తం ఆడదు. నీకేటి తెల్సు?”

“పక్కా కదా?”

“పందెం గుర్రాలకి ఈ చేత్తోనే తొడిగినాన్రా.”

“నువ్వు చెప్తే ఠీక్ హై.”

సందుల్లో పాత వల ముక్కలు కుక్కి నేనే బిగించాను. రెండు వారాలు నడిచింది. మిడిల్ పాయింట్‌లో ఒక పెళ్ళి ఊరేగింపు నుంచి కుంటుతూ తిరిగొచ్చింది. బూటు విప్పితే మడమ మీద మెత్తటి చోట తోలు లేచిపోయి ఉంది. పుండులో ఇసుక. అప్పన్న ఆ బూటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“తప్పు నాదే, భయ్యా. ఇసక సరిగ్గా కడగలేదేమో.”

“అవును, కడగాల్సింది” అన్నాను.

అన్నాను. నన్నెవరూ అడగలేదు. ఊరుకున్నా సరిపోయేది. గుర్రం భయంతో కొలత తప్పు తీశాననుకుందాం, మరి ఈ మాట ఏ భయంతో అన్నాను?

పుండు మానింది, కుంటు పోలేదు. మోతీని డిగ్లీపూర్‌లో బావమరిది పొలానికి పంపేసి అప్పన్న మళ్ళీ వేటకు పోయాడు, ఈసారి పరాయి పడవ మీద.

నిరుడు ధైర్యం చేసి అతనికి అంతా చెప్పాను. వల బాగు చేసుకుంటున్నవాడు ఆగి, నవ్వాడు. “నా మనసు తేలిక సెయ్యడానికి ఇంకో కథ అల్లినావా? గుర్రాల్లో నీ పనితనం నాకు తెల్దేటి?” అన్నాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను? నిజం చెప్పి అబద్ధమాడటం ఇలాగే ఉంటుందా? నాకు అర్థం కావడం లేదు.

మీరు క్షమించినా అది నాకు పనికిరాదు, కుంటిదైంది మీ గుర్రం కాదు. అయినా ఇంతవరకు రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అతనికి చెప్పినప్పుడు కూడా ఒక సంగతి దాచాను. అదొక్కటీ రాసేస్తాను. అప్పన్న ఆ బూట్లను రోజూ సాయంత్రం మంచినీళ్ళతో కడిగి, లోపలికి వేళ్ళు పెట్టి తడిమి చూసేవాడు. మా గోడ మీంచి నేను రోజూ చూశాను.