మరువ మీద పేలిన తుపాకి

మా తాత వదిలిపోయిన ఒంటిగొట్టం తుపాకితో మా ఇంట్లో ఎవరూ పిట్టను కూడా కొట్టలేదు. దానికి ఒకటే పని. చెరువు నిండి, మా వైపు మరువ అనే అలుగు రాళ్ళ మీదుగా నీళ్ళు పొర్లిన రోజున మా నాయన గట్టెక్కి ఆకాశంలోకి ఒక్కసారి పేల్చాలి. ఆ చప్పుడు విని కింది ఊరివాళ్ళు పలకలు కొట్టుకుంటూ, పసుపు కుంకుమలతో గంగమ్మ పూజకు వచ్చేవారు. మా దగ్గర చినుకు లేకపోయినా ఎగువన ఎక్కడో వాన పడితే వాగు వచ్చి చెరువు నిండేది. అందుకని వాళ్ళు మబ్బును నమ్మేవారు కాదు, మా తుపాకినే నమ్మేవారు.

యాభైల చివర్లో వరసగా కరువులు. చెరువులో గొర్రెలు మేసేవి. వాడక లేక తుప్పు పట్టి, తుపాకి లోపల గుర్రాన్ని కొట్టించే స్ప్రింగు కమాను విరిగింది. నాయనకు అప్పటికే ఆయాసం. "నేను పొయ్యేలోపల అది ఒకసారి పేలల్లప్పా," అని ఒకటే పాట.

నేను బడిపంతులుని. సెలవు దొరికితే చాలు, లైసెన్సు కాగితం జేబులో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. అనంతపురంలో తుపాకుల అంగడాయన దాన్ని తిప్పి చూసి నవ్వాడు. "ఏమప్పా, దీన్ని చేసిన దొరలే పోయిరి. సామాన్లు యాడ తెచ్చేది?" కదిరిలో ఒక సాయిబు మిస్త్రీ లారీ పట్టీ ఉక్కును అరగదీసి రెండు కమాన్లు చేసి పెట్టాడు. రెండూ పటుక్కుమన్నాయి. "చేసిన కమాను నిలబడదన్నా. ఇదే రకం చెడిపోయిన తుపాకి దొరికితే దాంట్లోది పీకి పెట్టల్ల," అన్నాడు.

ఏడాదిన్నర తిరిగాక గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో దొరికింది. గొట్టం పగిలిన తుపాకిని అటక మీద దాచుకున్న ముసలాయన, ఎందుకో చెప్పగానే మారుమాట లేకుండా కమాను ఇచ్చేశాడు. "తీస్కపో నాయనా. మీ చెరువన్నా నిండనీ." మిస్త్రీ దాన్ని బిగించి, ఊరికి పోయి ఒకసారి కాల్చి చూడమన్నాడు.

మంచం మీంచి నాయన, "ముందు కింది ఊర్లో చెప్పి రాపో. వాళ్ళు ఇంకోటి అనుకుంటారు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క తూటాకు మూడు మైళ్ళు ఈ ఎండలో ఎవడు నడుస్తాడు! గట్టెక్కి పేల్చాను. అబ్బ, ఎంత బాగా పేలింది! ఇంట్లో నాయన ఏడ్చేశాడట.

రెండు గంటలు గడవకముందే పలకల మోత. కింది ఊరు ఊరంతా కదిలి వచ్చింది. అందరికంటే ముందు ఒక ముసలమ్మ, కాళ్ళకు చెప్పుల్లేవు, చేతిలో పసుపు పళ్ళెం. మరువ దగ్గర నిలబడి నెర్రెలిచ్చిన చెరువును చూసింది. పలకలు ఆగిపోయాయి.

"నీళ్ళు యాడప్పా?" అని నన్నే అడిగింది.

"తుపాకి బాగయిందో లేదో చూసినామవ్వా," అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పసుపంతా ఎండు రాళ్ళకు పూసి, "గంగమ్మకని తెచ్చింది ఇంటికి తీస్కపోకూడదు," అని వెనుదిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడేళ్ళకు చెరువు నిజంగానే మరువ పారింది. నాయనను మంచంతో సహా వాకిట్లోకి తెచ్చి, నేను పోయి పేల్చాను. మధ్యాహ్నం దాటింది. పొద్దు వాలింది. ఎవరూ రాలేదు. మరువ కింద ఎండిన వాగు ఇసుకే నీళ్ళు తాగేస్తుండడంతో తడి కూడా ఇంకా వాళ్ళ దాకా చేరలేదు.

"కింది ఊరోళ్ళు వచ్చినారా?" నాయన అడుగుతూనే ఉన్నాడు.

"దావలో ఉండారు నాయనా," అంటూనే ఉన్నాను.

చీకటి పడేలోపల ఆయన పోయాడు. ఆ రోజు నడవని మూడు మైళ్ళు మర్నాడు నడిచాను, చావు కబురు చెప్పడానికి. నిన్న తుపాకి వినపడలేదా అని అడిగాను.

"వింటిమిలేప్పా," అన్నాడు ఒకాయన. "మళ్ళా బాగు చేస్తాండారేమో అనుకుంటిమి."