గాలిమోటరు

రాతలో తప్పులుంటే మన్నించండి. నేను ఐదో తరగతి వరకే చదివాను.

ఈ రోజు శంషాబాద్‌లో మేముండే డాబా మీద బట్టలు ఆరేస్తుంటే తల మీదుగా విమానం పోయింది. "గాలిమోటరు" అన్నాను. కోస్తా నుంచి వచ్చిన మా అత్తయ్య నవ్వారు.

"విమానం అనమ్మాయ్. నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

మన ఊరు పాల్మాకులలో నాతో పెరిగిన వాళ్లారా, మీకు గుర్తుందా? చేనులో పత్తి ఏరుతున్న మా నానమ్మ మట్టిచేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని పిలిచేది. "గాలిమోటరు పోతుంది, చెయ్యూపుండ్రి." అది కనుమరుగయ్యేదాకా మనం ఊపేవాళ్లం.

ఆ మాట తప్పా అని కింది వాటాలో కాలేజీ చదివే పిల్లను అడిగాను.

"తప్పేంది అక్కా? గాలి మనది, మోటరు ఇంగ్లీషుది. బయటి నుంచి తెచ్చుకున్న మాటను ఆదాన పదమంటరు. రెండు భాషల మాటలు కలిస్తే మిశ్ర సమాసం. జనం గిట్లనే కొత్త మాటలు కడతరు."

"మరి ఆ మాట ఎన్నాళ్లుంటది?"

"అనేటోళ్లు ఉన్నన్ని రోజులు."

నానమ్మ ఇప్పుడు లేదు. మా ఇంట్లో ఆ మాట అనుకోవడానికి నాకెవరూ లేరు. సాయంత్రం ఒక్కదాన్నే డాబా ఎక్కి చెయ్యూపాను.

చదివాక దీన్ని మీ ఫోన్లలోంచి తుడిచేయండి, మా ఇంట్లో వాళ్ల కంట పడనీయకండి. ఆ మాట మాత్రం ఒక్కసారి పైకి అనండి.